చివరి పది మీటర్లలో ఫోన్ జేబులో పెట్టండి

దసరా సెలవుల్లో శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నంలో జియోక్యాషింగ్ నడక పెట్టుకుందామనుకునే వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఆట తెలియని వాళ్లకు క్లుప్తంగా చెబుతాను. ఎవరో ఒక డబ్బాను ఎక్కడో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం జీపీఎస్‌తో వెతికి పట్టుకుని, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే ఉంచేస్తాం. 2000 మే 2న అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే పొరపాటును తీసేసింది. ఆ మరుసటి రోజే ఒరెగాన్ రాష్ట్రంలో మొదటి డబ్బా దాచారు. అయినా ఇప్పటికీ మన ఫోన్ చూపే చోటుకీ అసలు చోటుకీ మధ్య మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. సరుగుడు తోటలో అయితే ఇంకా ఎక్కువ. ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది.

ఎందుకంటే బాణం గుర్తు అటూ ఇటూ ఊగడం మొదలయ్యాక మనిషి కింద చూడడు. ఫోన్‌నే చూస్తూ మొగలి పొదలోకి కాలు పెడతాడు, పాత గోడ సందులో చెయ్యి దూరుస్తాడు, రాయి ఎత్తుతాడు. వానలు పడ్డాక తీరంలో తాచుపాము, కట్లపాము, రక్తపింజర మెట్ట చోటు వెతుక్కుంటాయి. మనం డబ్బా దాచడానికి ఎంచుకునే కన్నాలే వాటికీ కావాలి. అందుకే పది మీటర్ల దూరంలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేయండి. అక్కడే నిలబడి ఒక నిమిషం కళ్లతో వెతకండి. తర్వాత పొడవాటి కర్రతో పొదను తట్టండి. చెయ్యి పెట్టే ముందు టార్చి వేయండి. చెప్పులు కాదు, చీలమండ దాటి కప్పే బూట్లు వేసుకోండి. ఒకవేళ కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ వద్దు. కాలు కదపకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. నాటు మందుకని పరుగెడితే పోయేది సమయమే. విరుగుడు ఇంజక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇక కాలం సంగతి. మన తీరానికి సెప్టెంబరు ఆఖరు నుంచి డిసెంబరు దాకా గడ్డు రోజులు. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని ఊడ్చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా ఒడ్డెక్కింది. కాబట్టి బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే నడక వాయిదా వేయడమే మంచిది. కళింగపట్నం రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా మరో ఆలోచన వద్దు. ఒకటో నంబరే కదా అని బయల్దేరే ఉత్సాహం నాకు అస్సలు నచ్చదు. బోట్లు వేటకు వెళ్లడం మానేసిన రోజున మనకు ఒడ్డున పనేముంది?

వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, మరింత జాగ్రత్త కావాలి. కళింగపట్నంలో చినుకు పడకపోయినా, ఒడిశా కొండల్లో కురిసిన వాన వల్ల గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే ఇక్కడ ప్రవాహం పెరుగుతుంది. బయల్దేరే రోజు ఉదయం బ్యారేజీ వార్త చూసుకోండి. ఇసుక దిబ్బ ఆకారం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. మ్యాప్‌లో దారి కనిపించిందని పాయ దాటకూడదు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు (నీరు పొంగడం), పాటు (నీరు వెనక్కి తీయడం) రెండూ జోరుగా ఉంటాయి. పాటు వేళ నది నీరు, కడలి నీరు కలిసి లోపలికి లాగేస్తాయి. ఎవరైనా అందులో చిక్కితే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. మిగతా వాళ్లు నీళ్లలోకి దూకకుండా తాడో, ఖాళీ క్యానో విసిరి, 112కు, కోస్ట్ గార్డు 1554కు చెప్పాలి.

ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన కనిపిస్తే, "మావా, మొగ ఈ రోజు ఎలగుంది?" అని అడగండి. ఏ యాప్ చెప్పని సంగతి ఆయన చెబుతాడు.

యాప్‌లో ప్రతి డబ్బాకూ వెతకడంలో కష్టం, దారి కష్టం అని రెండు అంచనాలు ఒకటి నుంచి ఐదు వరకు ఉంటాయి. దారికి ఒకటిన్నర అని ఉంటే తేలిక నడకే అనుకుంటాం. కానీ ఆ అంకె వేసిన మనిషి ఫిబ్రవరిలో వచ్చి ఉండొచ్చు. అక్టోబరులో అదే దారి మోకాలి లోతు బురద. చివరిగా దొరికిన తేదీ, ఆ మనిషి రాసిన మాటలు తప్పకుండా చదవండి.

పాత ఊరు కాబట్టి ఇంకో చిక్కుంది. ఫోన్ పట్టుకుని గోడల చుట్టూ తిరుగుతున్న కుర్రాళ్లను చూస్తే ఊళ్లో వాళ్లకు గుప్తనిధుల వేటగాళ్లే గుర్తొస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే. ముందుగా సర్పంచ్‌కూ, మెరైన్ పోలీసులకూ ఒక మాట చెప్పండి. గునపం, పార లాంటివి వెంట ఉండనే కూడదు. డబ్బా పాతిపెట్టకూడదన్నది ఈ ఆట నియమం కూడా. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల మధ్య నుంచి ఫొటోలు తీస్తూ నడవొద్దు.

దగ్గర్లోని శాలిహుండం గురించి మరీ మరీ చెబుతున్నాను. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం అది. ఆ స్తూపాల ఇటుకల సందు డబ్బాకు సరిగ్గా సరిపోతుందని అనిపించే మనిషికి చెప్పేదేమిటంటే, ఒక్క ఇటుక కదిలినా అది మళ్లీ రాదు. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కొండ చూడండి, మ్యూజియం చూడండి, డబ్బా మాత్రం బయటే వెతుక్కోండి. లైట్‌హౌస్ కంచె కూడా దాటొద్దు.

జనవరి దాటాక వచ్చే వాళ్లు రాత్రి నడక మానుకోవాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం అది. టార్చి వెలుగుకు తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. పిల్లలైతే సముద్రం వదిలి వెలుగు వైపు పాకుతాయి. గుడ్లున్న చోట తవ్వితే నేరం.

కొత్తగా డబ్బా దాచే వాళ్లు పారదర్శక ప్లాస్టిక్ డబ్బానే వాడండి. మీద తెలుగులో 'ఆట కోసం పెట్టినది, ప్రమాదం లేదు' అని రాసి, దాచిన చోటు ఊరి పెద్దలకు చూపించండి. లోపల తినే వస్తువు పెట్టకండి. తుఫాను కాలం మొదలయ్యే ముందు డబ్బాను తీసేసి, యాప్‌లో తాత్కాలికంగా ఆపేశామని గుర్తు పెట్టండి. లేకపోతే కెరటానికి కొట్టుకుపోయిన డబ్బా కోసం ఎవరో బురదలో తిరుగుతూనే ఉంటారు.