వరల్డ్‌కాన్‌కు ముందు వేసవి పనులు: పేపరు, ప్యానెల్, ఓటు

వరల్డ్‌కాన్ అంటే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు. అది ఏటా ఊరు మారుతుంది కానీ చాలావరకు ఆగస్టులోనే జరుగుతుంది. అంటే అసలు పనంతా జూన్, జూలైలలోనే. పరిశోధన కూడా చేసే రచయితలు తరచూ ఒకే నోట్సు పట్టుకుని పరిశోధన పేపరూ చదువుతారు, ప్యానెల్ చర్చలోనూ కూర్చుంటారు. రెండింటికీ ఒకే తయారీ సరిపోదు.

పేపరు సంగతి ముందు. 20 నిమిషాలు ఇస్తే 17 నిమిషాలకే రాయండి. మిగతా మూడూ మైకు సర్దడానికి, మొరాయించే స్లైడ్లకు పోతాయి. నిమిషానికి ఇన్ని మాటలని లెక్కేసుకోకుండా, గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి. నోరు తిరగని గ్రహాల పేర్లు, పొడుగాటి ఉటంకింపులు వేగాన్ని తగ్గిస్తాయి.

సభలో దొరికిపోయేది ఎక్కువగా ‘ఇదే మొట్టమొదట’ అని వాదించిన చోటే. పాత పల్ప్ పత్రికలు (చవక కాగితం మీద అచ్చైన కథల పత్రికలు) అట్ట మీద వేసిన నెల కంటే ముందే అంగళ్లకు వచ్చేవి. అందుకని రెండు పత్రికల మధ్య నెల తేడాను నమ్ముకుని వాదన కట్టకండి. పత్రికలో విడివిడిగా వచ్చిన కథలను అతికి నవలగా వేయడం 1950లలో మామూలే. కాబట్టి చేతిలో ఉన్న పుస్తకంలోని వాక్యం పత్రికలో ఉండకపోవచ్చు. ఐఎస్ఎఫ్‌డీబీ (సైన్స్ ఫిక్షన్ రచనల ఆన్‌లైన్ సూచిక) జాబితాను నింపేది ఔత్సాహికులు. దారి వెతకడానికి దాన్ని మించింది లేదు కానీ, ఉటంకించే ముందు ఆ సంచిక స్కాన్ తెరిచి చూడాల్సిందే. ఫ్యాన్‌జైన్ (అభిమానులే వేసుకునే చిన్న పత్రిక) మీద తేదీ లేకపోతే ఉత్తరాల పేజీ చదవండి. పాఠకులు ఏ సంచిక గురించి రాశారో చూస్తే కాలం సుమారుగా తేలుతుంది.

ఇక ప్యానెల్. మీరే మోడరేటర్ అయితే బాగా రావడం, చెడడం దాదాపు మీ చేతుల్లోనే. గంట స్లాటులో మనుషులు మారడానికి పోగా మిగిలేది 50 నిమిషాలు. నలుగురు వక్తలు, ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, ప్రతి ప్రశ్నా వరసగా అందరికీ వేశారనుకోండి: ఒక్క ప్రశ్నకే 12 నిమిషాలు. నాలుగు ప్రశ్నలయ్యేసరికి 48 నిమిషాలు పోయి సభకు సమయం మిగలదు, పైగా వక్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోనే లేదు. ప్రతి ప్రశ్ననూ ఇద్దరికే వేయండి, మూడోవారిని కాదనడానికి పిలవండి.

రెండు వారాల ముందే అందరికీ నాలుగు ప్రశ్నలు పంపండి. అయిదోది మీ దగ్గరే దాచుకోండి, చర్చ చప్పబడితే పనికొస్తుంది. పరిచయాలు వాళ్లకే వదిలేస్తే పుస్తకాల జాబితాలు మొదలవుతాయి. మీరే తలా రెండు వాక్యాల్లో ముగించండి. కథ ముగింపు బయటపెట్టాల్సి వస్తే ముందుగా పేరు చెప్పి హెచ్చరించండి. 35వ నిమిషంలో ప్రశ్నలకు తెరవండి. ప్రతి ప్రశ్ననూ మైకులో మళ్లీ చెప్పండి, లేదంటే వెనక వరసకూ రికార్డింగుకూ జవాబు మాత్రమే అందుతుంది. ‘ప్రశ్న కాదు, నాదొక మాట’ అని లేచేవారు ఎక్కడైనా ఉంటారు. ఊపిరి తీసుకునే చోట ఆపి, ఆ మాటనే వక్తకు ప్రశ్నగా మార్చండి.

ఇక ఓటు. వరల్డ్‌కాన్ సభ్యులు ఓటేసి ఇచ్చే సైన్స్ ఫిక్షన్ అవార్డులు హ్యూగోలు. హ్యూగో ఓటు గడువు సదస్సుకు ముందే అయిపోతుంది. ఒక్కో విభాగంలో ఆరు పేర్లు ఉంటాయి. 7,500 మాటల లోపువి చిన్న కథలు, 40,000 దాటితే నవలలు. సమయం తక్కువైతే చిన్న కథలతో మొదలుపెట్టండి, ఆరూ ఒక్క వారాంతంలో అయిపోతాయి. ఓటర్లు చదువుకోవడానికి పంచే ఓటరు ప్యాకెట్‌లో ప్రతి రచనా పూర్తిగా ఉంటుందన్న హామీ లేదు, పెద్ద నవలలను గ్రంథాలయంలో ముందే అడిగి ఉంచుకోండి.

ఇది ఒక్కరికే వేసే ఓటు కాదు, ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వరస ఇవ్వాలి. మీ మొదటి ఎంపిక ఓట్లు తక్కువై లెక్కింపులో పోటీలోంచి తొలగిపోతే ఓటు రెండోదానికి వెళుతుంది. కాబట్టి రెండో స్థానం ఇస్తే మొదటిదానికి నష్టమన్న భయం అక్కర్లేదు. ‘నో అవార్డ్’ను (ఎవరికీ అవార్డు వద్దు) కూడా వరసలో పెట్టవచ్చు. దాన్ని పెట్టి, ఒక రచనకు అంకె ఇవ్వకుండా వదిలేస్తే, గెలిచిన రచనను ‘నో అవార్డ్’తో పోల్చే చివరి పరీక్షలో మీ ఓటు ఆ రచనకు వ్యతిరేకంగా లెక్కకొస్తుంది. చదవలేకపోయినవాటిని కూడా అది అలాగే దెబ్బతీస్తుంది. అందుకని, విభాగం మొత్తం చదివితే తప్ప ‘నో అవార్డ్’ జోలికి పోకండి.