వైద్యంలో నీతి, మూడో పాఠం: సంతకానికి ముందు మాట్లాడటం ఎలా

రెండో పాఠంలో చికిత్స ఎక్కడ ఆగుతుందో, పరిశోధన ఎక్కడ మొదలవుతుందో చూశాం: చికిత్స ఆ పేషెంటు మంచి కోసం, పరిశోధన ఇంకా తెలియనిది తెలుసుకోవడం కోసం. ఆ తేడా మనకి తెలిస్తే చాలదు, ఎదురుగా కూర్చున్న మనిషికి తెలియాలి. ఈ పాఠమంతా దాని గురించే.

చికిత్సకో పరిశోధనకో ఒప్పుకుంటున్నానని పేషెంటు ఇచ్చే సమ్మతి చాలాచోట్ల ఎలా తీసుకుంటారో మీకు తెలుసు. బోలెడన్ని పేజీల కాగితం చేతిలో పెట్టి, ఆఖరి పేజీ తిప్పి, "ఇక్కడ ఒక సంతకం" అని వేలితో చూపిస్తారు. ఆ మనిషి పెడతాడు. ఫైల్లో అన్నీ సక్రమంగా ఉంటాయి, ఆడిట్‌కి వచ్చినవాళ్లు కూడా తప్పు పట్టరు, కానీ తనకి ఏం జరగబోతోందో ఆ మనిషికి తెలియదు. సంతకం సాక్ష్యం మాత్రమే. అసలు పని అంతకుముందు జరిగే మాటల్లో ఉంది, ఆ మాట్లాడటం సాధనతో వచ్చేదే. మెడికోలు, నర్సింగ్ విద్యార్థులు, ట్రయల్ (మందుల్ని మనుషుల మీద పరీక్షించే పరిశోధన) కోఆర్డినేటర్లు దీన్ని గట్టిగా పైకి అంటూ ప్రాక్టీస్ చేయండి, కళ్లతో చదివి వదిలేస్తే రాదు. రేపో మాపో ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టబోయేవాళ్లు కూడా చదవొచ్చు, ఎదుటివాళ్లు మీకేం చెప్పాలో తెలుస్తుంది.

మొదటి మాటతో మొదలుపెడదాం

ట్రయల్‌లో చేరే చాలామంది తమకి వైద్యం జరుగుతోందనే అనుకుంటారు. తెల్లకోటు, ఆసుపత్రి, రక్తపరీక్షలు, మందుబిళ్లలు అన్నీ మామూలుగానే ఉంటే ఇంకేం అనుకుంటారు? డాక్టరు నా మంచి కోసమే ఈ మందు ఎంచి ఇస్తున్నాడు అనుకుంటారు. 1982లో అమెరికన్ సైకియాట్రిస్టు పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు ఈ అపోహ గురించి రాశారు, అప్పటినుంచి దీన్ని చికిత్సా భ్రమ అంటూ వస్తున్నారు. పేషెంటుకి తెలివి తక్కువై వచ్చేది కాదిది, బాగా చదువుకున్నవాళ్లలోనూ కనిపిస్తుంది.

ఈ భ్రమని ఎవరైనా కావాలని వాడుకుంటే ఏమవుతుందో అమెరికాలో టస్కీగీ చూపించింది. అలబామా రాష్ట్రంలో 1932లో ప్రభుత్వ ఆరోగ్య విభాగమే మొదలుపెట్టిన అధ్యయనం అది. 600 మంది నల్లజాతి పురుషులు, అందులో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. వాళ్లకి జబ్బు పేరు చెప్పలేదు, "చెడు రక్తం" అన్నారు. చికిత్స చేయకుండా వదిలేస్తే జబ్బు ఎలా ముదురుతుందో చూడటమే ఉద్దేశం. వెన్నెముక నుంచి నీరు తీసే పరీక్షకి రమ్మంటూ పంపిన ఉత్తరంలో దాన్ని ప్రత్యేక ఉచిత చికిత్స అని, ఇదే ఆఖరి అవకాశమని రాశారు. అందులో చికిత్స అన్నదే లేదు. 1940ల చివరికల్లా సిఫిలిస్‌కి పెన్సిలిన్ మామూలు వైద్యం అయిపోయినా వాళ్లకి అందనివ్వలేదు. 1972లో పత్రికల్లో వచ్చాకే ఆపారు, అంటే 40 ఏళ్లు. ఆ ఉత్తరంలో "చికిత్స" అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో ఆలోచించండి.

అందుకే పరిశోధన గురించి మాట్లాడేటప్పుడు ఆ మాటని ఆచితూచి వాడాలి. మీరు అనాల్సింది దాదాపు ఇలా ఉంటుంది:

"ఈ మందు పనిచేస్తుందో లేదో మాకింకా తెలియదండీ. అది తెలుసుకోవడానికే ఈ పరిశోధన. చేరినవాళ్లలో సగం మందికి ఈ మందు ఇస్తాం, మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే, మందు లేని బిళ్ల ఇస్తాం. ఎవరికి ఏది అన్నది డాక్టరు గారు నిర్ణయించరు, కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. మీకొచ్చింది ఏదో మీకూ తెలియదు, మాకూ తెలియదు. మీరు చేరకపోయినా మీకు ఇప్పుడు జరుగుతున్న వైద్యం ఇలాగే జరుగుతుంది."

"మాకింకా తెలియదు" అన్న ముక్క చెప్పడానికి కొత్తవాళ్లు బాగా ఇబ్బంది పడతారు, చులకన అయిపోతామేమో అని. దాన్ని రెండో పేజీకి తోయొద్దు, మొదటి నిమిషంలోనే చెప్పేయండి.

ఎంతవరకు చెప్పాలి

అన్నీ చెప్తే భయపడి పారిపోతారు అనేది పాత వాదన. దీనికి బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో సమాధానం చెప్పింది. డయాబెటిస్ ఉన్న గర్భిణి, ఎత్తు తక్కువ మనిషి. మామూలు కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం డయాబెటిస్ ఉన్న తల్లుల్లో 9 నుంచి 10 శాతం. డాక్టరుకి ఆ సంగతి తెలుసు, కానీ చెప్తే ఆపరేషన్ అడుగుతుందేమో, అది తల్లికి మంచిది కాదేమో అని చెప్పలేదు. కాన్పులో బిడ్డ నిజంగానే ఇరుక్కుంది, మెదడుకి ఆక్సిజన్ అందక శాశ్వత నష్టం జరిగింది. అప్పటివరకు కోర్టులు "ఇంకో మంచి డాక్టరు ఉంటే చెప్పేవాడా" అని చూసేవి. ఈ తీర్పుతో ప్రశ్న మారింది: ఆ పేషెంటు స్థానంలో ఉన్న మనిషికి ఈ విషయం ముఖ్యం అనిపిస్తుందా? అనిపిస్తే చెప్పాల్సిందే. నాకు తెలిసి ఏం చెప్పాలి, ఏం వదలాలి అని తేల్చుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే కొలత లేదు.

పరిశోధనలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అబ్బాయికి పుట్టుకతో కాలేయానికి సంబంధించిన జబ్బు ఉండేది, ఆహార నియమంతో, మందులతో అదుపులోనే ఉండేది. 1999లో ఒక జీన్ థెరపీ (జన్యువుల ద్వారా జబ్బుకి వైద్యం చేసే పద్ధతి) ప్రయోగంలో చేరాడు. దీనివల్ల తనకి నయం కాదని అతనికి తెలుసు, ఇదే జబ్బుతో పుట్టే పసిపిల్లలకి ఉపయోగపడాలని చేరాడు. టస్కీగీలో జరిగినట్టు చికిత్సా భ్రమ ఇక్కడ లేదు. కానీ అలాంటి ప్రయోగంలోనే అంతకుముందు కోతులు చనిపోయాయన్న సంగతి అతను సంతకం పెట్టిన కాగితంలో లేదు. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు రోజులకి చనిపోయాడు. అంత మంచి మనసుతో ముందుకొచ్చిన పిల్లాడికి ఆ ఒక్క వాక్యం చెప్పకపోవడం క్షమించరానిది, ఎన్నిసార్లు చదివినా నాకు అలాగే అనిపిస్తుంది. ప్రయోగం ఉద్దేశం అర్థమైనంత మాత్రాన సరిపోదు, వెనక్కి తగ్గడానికి కారణం కాగల సమాచారం కూడా అతని చేతిలో ఉండాలి.

అంకెలు చెప్పే పద్ధతి

ఇక్కడ చాలామంది చదువుకున్న డాక్టర్లు కూడా తడబడతారు. 1995లో బ్రిటన్‌లో కొన్ని కొత్తరకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని అధికారులు హెచ్చరించారు. మాట అబద్ధం కాదు. కానీ అసలు లెక్క చూస్తే, ప్రతి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. ఆ అంకె చెప్పకుండా "రెట్టింపు" అని మాత్రమే వినిపించడంతో ఎంతోమంది టెన్షన్ పడిపోయి మాత్రలు ఆపేశారు, ఆ తర్వాత అక్కర్లేని గర్భాలు, అబార్షన్లు పెరిగాయి.

కాబట్టి రెట్లు, శాతాలు పక్కన పెట్టి మనుషుల లెక్కన చెప్పండి. "మీలాంటి 100 మంది ఈ మందు వేసుకుంటే ముగ్గురికి వాంతులు అవుతాయి, 97 మందికి అవ్వవు." రెండు వైపులా చెప్పాలి, రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో రావాలి. ఒక ప్రమాదాన్ని 100 మందిలో, ఇంకోదాన్ని 1,000 మందిలో చెప్తే వినేవాళ్లు పోల్చుకోలేరు, అన్నింటికీ ఒకటే సంఖ్య తీసుకోండి. "అరుదుగా" అనే మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. యూరప్‌లో మందుల కాగితాల మీద ఆ మాటకి 10,000 మందిలో 1 నుంచి 10 మంది అని లెక్క ఉంది, కానీ మామూలు మనిషి ఆ మాట వింటే అంతకంటే చాలా ఎక్కువ ఊహించుకుంటాడు.

తిరిగి చెప్పించడం

ఇక ఈ పాఠానికి గుండెకాయ లాంటి భాగం. "అర్థమైందాండీ?" అని అడగడం ఈ రోజుతో మానేయండి. ఆ ప్రశ్నకి అందరూ తల ఊపుతారు, మర్యాద కోసమో, మొహమాటంతోనో, త్వరగా బయటపడాలనో. దాని బదులు ఇలా అడగండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలండీ. ఇంటికెళ్లాక మీవాళ్లు దీని గురించి అడిగితే ఏం చెప్తారు?"

ఒక జవాబు ఇలా రావొచ్చు: "కొత్త మందు ఇస్తారట, పాతదానికంటే బాగా పనిచేస్తుందట అని చెప్తానండీ."

ఇందులో రెండు తప్పులున్నాయి. కొత్త మందు కచ్చితంగా వస్తుందనుకుంటున్నారు, అది మెరుగైనదని తేలిపోయిందనీ అనుకుంటున్నారు. ఇక్కడ "కాదండీ, నేను అలా అనలేదు కదా" అనేశారంటే ఆ మనిషి ఇక నోరు విప్పరు. "ఆ సంగతి నేను సరిగ్గా చెప్పలేదనుకుంటా, మళ్లీ చెప్తాను" అని ఆ రెండు విషయాలే, వేరే మాటల్లో చెప్పి మళ్లీ అడగండి. ఇది పరిశోధన అని, ఏ మందు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదని, పెద్ద ప్రమాదం ఏంటని, ఇది కాకుండా ఇంకేం దారులున్నాయని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని వాళ్ల నోటి నుంచి వాళ్ల మాటల్లో రావాలి. మూడుసార్లు చెప్పినా రాకపోతే ఆ రోజు సంతకం వద్దు.

"డాక్టరు గారూ, మీరేం చెప్తే అది" అనేవాళ్లు చాలామంది ఉంటారు. మామూలు చికిత్సలో అలా అనడం వాళ్ల హక్కే, నమ్మి వదిలేస్తున్నారు, అప్పుడు వాళ్లకి ఏది ముఖ్యమో రెండు ప్రశ్నలు అడిగి దాని ప్రకారం సలహా ఇవ్వొచ్చు. పరిశోధనలో మాత్రం ఆ మాటని ఒప్పుకోలుగా తీసుకోకూడదు. ఎందుకంటే అక్కడ మీకూ ఒక అవసరం ఉంది, మీకు మనుషులు కావాలి. మనుషుల మీద చేసే పరిశోధనలకి ప్రపంచ వైద్య సంఘం పెట్టిన నీతి నియమాలైన హెల్సింకీ ప్రకటన కూడా ఇదే చెప్తుంది: పేషెంటు తన డాక్టరు మీద ఆధారపడి ఉంటే, కాదంటే ఏమనుకుంటారో అన్న ఒత్తిడి ఉండే అవకాశం ఉంటే, ఆ బంధానికి సంబంధం లేని వేరొకరు సమ్మతి తీసుకోవాలి. వైద్యం చేసే డాక్టరు గది బయటికి వెళ్లిపోతే చాలాసార్లు అసలు ప్రశ్నలు అప్పుడే బయటికి వస్తాయి.

వద్దనడాన్ని తేలిక చేయడం కూడా మీ పనే. కాగితం ఇంటికిచ్చి పంపండి. "చాలామంది వద్దంటారండీ, మేమేం అనుకోం" అని ముందే చెప్పండి, నిజంగానే ఏమీ అనుకోకండి. వద్దన్నవాళ్లని కారణం అడగొద్దు.

అభ్యాసం

ఈ పేరా చూడండి. "అధ్యయనంలో పాల్గొనేవారు యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించబడతారు. పరిశోధనా ఔషధం వలన అరుదుగా కాలేయ ఎంజైముల స్థాయి పెరగవచ్చు. పాల్గొనేవారు తమ సమ్మతిని ఉపసంహరించుకోవచ్చు."

దీన్ని మాట్లాడే తెలుగులో తిరగరాయండి. తర్వాత వైద్యంతో సంబంధం లేని ఒకరికి కాగితం చూడకుండా నోటితో చెప్పి, తిరిగి చెప్పించండి. వాళ్లు ఎక్కడ తప్పారో రాసి పెట్టుకుని, మీ మాటల్లో ఏది మార్చాలో తేల్చుకోండి. ఇంకొకటి, ఆ పేరాలో ఒక అంకె ఉండాల్సిన చోట లేదు, మానేసినవాళ్ల వైద్యం ఏమవుతుందన్నదీ లేదు. ఆ రెండూ ట్రయల్ నడిపేవాళ్లని ఎలా అడుగుతారో కూడా రాయండి. ఇవి పూర్తయ్యాకే నాలుగో పాఠానికి రండి, అందులో పిల్లలు, స్పృహలో లేనివాళ్లు, జ్ఞాపకశక్తి పోయినవాళ్ల విషయంలో ఎవరిని అడగాలో చూస్తాం.