ఫసలీ తేదీలతో తికమకా? ఒక చార్టు గీసుకోండి

నల్లగొండ పల్లెలో 1946–51 మధ్య నడిచే కుటుంబ నవల రాసేవాళ్లకు అసలు తలనొప్పి తేదీలతోనే. ఇంట్లో దొరికే పాత పహాణీలు (భూమి రికార్డులు), రసీదుల మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం ఉంటుంది. పెద్దవాళ్లను అడిగితే "రజాకార్ల గడబిడప్పుడు" అంటారు, అంతే.

లెక్క తేలికే. నిజాం ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే, కాగితం మీద ఆజూర్, దై, బహమన్ నెలలు ఉంటే ఫసలీ సంవత్సరానికి 590, మిగతా నెలలకు 591 కలపండి. 1357 ఫసలీ చివర అంటే 1948 సెప్టెంబరు.

ఇక చార్టు మీద నాలుగు గడులు గీయండి: నెల, ఊళ్లో జరిగింది, ఇంట్లో జరిగింది, ఒక్కొక్కరి వయసు. ముందు గట్టి తేదీలు ఎక్కించండి: 1946 జూలై 4న కడవెండిలో తెలంగాణ సాయుధ పోరాట అమరుడు దొడ్డి కొమురయ్య మరణం, 1948 సెప్టెంబరు 13–17 పోలీసు యాక్షన్ (నిజాం రాజ్యం మీద భారత సైన్యం చర్య), 1951 అక్టోబరులో ఆ పోరాట విరమణ. పెద్దల మాటలు వీటి మధ్య పెన్సిల్‌తోనే రాయండి, ఎలాగూ మారతాయి. వయసు గడి మాత్రం వదలొద్దు. మొన్న తొట్టెలో వేసిన పిల్ల రెండు అధ్యాయాలకే మేకలు కాస్తుంటే దొరికేది అక్కడే. ధరలు రాసేటప్పుడు 7 హాలీ సిక్కా (నిజాం) రూపాయలు సుమారు 6 బ్రిటిష్ రూపాయలని గుర్తుంచుకోండి.

ఈ లెక్క మునగాల పరగణా కాగితాలకు పనికిరాదు. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా అది అప్పట్లో మద్రాసు కింద కృష్ణా జిల్లాలోది. అక్కడి ఫసలీ జూలై 1న మొదలవుతుంది.