ఓటు పట్టిక చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: 55–9 వెనక ఏముంది?

పోయిన పాఠంలో గవర్నర్ వీటో చేసిన బిల్లు మళ్ళీ సభకి ఎలా వస్తుందో చూశాం. ఈసారి ఆ వీటోని సభ తోసిపుచ్చేటప్పుడు పడే ఓట్లని చదవడం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, పెద్ద లెక్కలేం ఉండవు.

మన అసెంబ్లీలు చూసిన కళ్ళకి ఇది కొంచెం కొత్త. మన దగ్గర గవర్నర్ తిప్పి పంపిన బిల్లుని మళ్ళీ పాస్ చేయడానికి మామూలు మెజారిటీ చాలు, మూజువాణి ఓటుతో కానిచ్చేయొచ్చు, అలా చేస్తే ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లు మిగలవు. అమెరికాలోని నార్త్ కరోలినాలో అలా కుదరదు. వీటో మీద ఓటేసిన ప్రతి ఒక్కరి పేరూ సభ జర్నల్లోకి ఎక్కాలని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. కేరీలోనో షార్లెట్‌లోనో ఉండే మనవాళ్ళు బిల్లు నంబరు కొడితే చాలు, తమ సభ్యుడు ఎటు ఓటేశాడో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మరి అన్నీ కనిపిస్తుంటే ఇంక నేర్చుకునేదేముంది అంటారా? హెచ్ 966 తీయండి.

ఇది 2019 బడ్జెట్ బిల్లు. అప్పటి డెమొక్రాట్ గవర్నర్ రాయ్ కూపర్ జూన్ 28న వీటో చేశారు. సెప్టెంబర్ 11 పొద్దున దిగువ సభ ఆ వీటోని తోసిపుచ్చింది, 55–9 ఓట్లతో. నేను మొదటిసారి ఈ అంకె చూసి, ఇంత ఏకపక్షమా అనుకున్నాను. తర్వాత కూడిక చేశాను. 55, 9 కలిపితే 64. సభలో సీట్లు 120! అంటే దాదాపు సగం మంది ఓట్లు ఇందులో లేనే లేవు, కోరం 61 కాబట్టి సభ మాత్రం నడిచిపోయింది.

ఇక్కడే అసలు కిటుకు. నార్త్ కరోలినాలో వీటో దాటడానికి కావలసింది సభలో ఉండి ఓటేసినవాళ్ళలో ఐదింట మూడు వంతులు. 64లో అది 38.4, అంటే 39 వస్తే చాలు. 120 మందీ ఉండి ఓటేస్తే 72 కావాలి, రిపబ్లికన్లు ఉన్నదేమో 65. నిండు సభలో ఏడు ఓట్లు తక్కువ పడే పార్టీ, సగం ఖాళీ సభలో సునాయాసంగా గెలిచింది. ఆ అంశం రెండు నెలలకి పైగా ఎజెండాలో నలుగుతూనే ఉంది, ఎప్పుడు ఓటుకి పెట్టాలన్నది అప్పటి స్పీకర్ టిమ్ మూర్ చేతిలో ఉండేది. పొద్దున ఓటింగ్ ఉండదని మాకు చెప్పారని డెమొక్రాట్లు, అలా ఏం చెప్పలేదని రిపబ్లికన్ నాయకులు. డెబ్ బట్లర్ అనే సభ్యురాలైతే నేను మాట్లాడటం ఆపనంటూ అరుస్తూనే ఉన్నారు, అయినా ఓటు జరిగిపోయింది. (సెనేట్ మాత్రం దాన్ని చివరిదాకా తోసిపుచ్చలేదు, కాబట్టి వీటో నిలిచింది.) ఈ గొడవంతా పట్టికలో వెతికినా దొరకదు. పేర్లు దాచలేదు, నిజమే, కానీ ఓటు ఎప్పుడు పెడతారన్నది ముందుగా తెలియకపోతే దాన్ని సగం పారదర్శకత అనే అంటాను నేను.

దీని పక్కన అదే సభలో 2023 మే 16న పడిన ఓటు పెట్టండి. 12 వారాల అబార్షన్ పరిమితి బిల్లు, ఎస్ 20. 72–48. కూడితే సరిగ్గా 120, గెలిచింది సరిగ్గా 72తో. ఎవరి ఓటు తేడా తెచ్చిందో వేలు పెట్టి చూపించొచ్చు.

కాబట్టి ఏ పట్టిక తీసినా గెలిచిన అంకె కంటే ముందు ఏ సంఖ్యలో వంతు అడుగుతున్నారో చూడండి. ఇల్లినాయిలోనూ ఐదింట మూడు వంతులే, కానీ ఎన్నికైన సభ్యులందరిలో. దిగువ సభలోని 118 మందికి 71 కావాలి, వచ్చినా రాకపోయినా అంతే. 2017 జూలై 6న పన్నుల బిల్లు మీద అక్కడ 71–42 పడింది. ఆ రోజు ఓటెయ్యని ఐదుగురి వల్ల కావలసిన సంఖ్య ఒక్కటీ తగ్గలేదు, అక్కడ ఇంట్లో కూర్చోవడం కూడా వద్దన్నట్టే.

ఇంటిపని: 2019 జూలైలో అలాస్కాలో గవర్నర్ నిధుల కోతలని తోసిపుచ్చడానికి ఓటింగ్ పెడితే 37–1 వచ్చింది, అయినా వీగిపోయింది. అక్కడ రెండు సభలూ కలిసి కూర్చుంటాయి, మొత్తం 60 మంది, డబ్బు విషయమైతే నాలుగింట మూడు వంతులు కావాలి. ఎన్ని తక్కువ పడ్డాయో లెక్క కట్టండి, మిగతా 22 మందిలో చాలామంది ఆ రోజు ఏ ఊళ్ళో ఉన్నారో కూడా కనుక్కోండి. 5వ పాఠం ఆ ఊరి నుంచే మొదలుపెడదాం.