ఇంటి చుట్టూ కెమెరా – 5వ పాఠం: ఫోటో ఎందుకు షేక్ అయింది?

పోయిన పాఠంలో కిటికీ దగ్గర చెంబు పెట్టి, ఒకే వెలుతురులో ఎపర్చర్ (లెన్స్ రంధ్రం), షట్టర్ (వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) మార్చి మార్చి తీయమన్నాం. ఆ అభ్యాసం చేసినవాళ్లకు ఈ పాఠం తేలిక. చేయనివాళ్లు ఓ పావుగంట కేటాయించి అది పూర్తి చేసి రండి. చెంబు చెప్పిన చోట ఉంటుంది. ఇవాళ్టివి ఉండవు: కుక్క, పిల్లి, పెరట్లో కోళ్లు, రైలు కిటికీ అవతల కొండలు.

ఫోటో మసకగా వస్తే కొత్తవాళ్లు ముందు లెన్స్‌ను అనుమానిస్తారు, ఆ తర్వాత కెమెరాను. కొత్తది కొందామా అనే ఆలోచన కూడా అక్కడే మొదలవుతుంది. డబ్బు తీసే ముందు పాడైన ఫోటోను తెర మీద పూర్తిగా జూమ్ చేసి, ఆ మసక ఏ రకందో చూడండి.

ఫ్రేములో ఉన్నదంతా, గోడతో సహా, ఒకే వైపుకు సాగినట్టు ఉంటే అది మీ చేతి వణుకు. దూరంగా బల్బు ఉంటే మరీ తేలిగ్గా దొరికిపోతుంది, చుక్కగా రావాల్సింది చిన్న గీతలా వస్తుంది. గచ్చు, గోడ, గిన్నె అన్నీ స్పష్టంగా ఉండి కుక్క తోక ఒక్కటే చెదిరిపోతే చెయ్యి బాగానే ఉంది, కుక్క కదిలింది. కుక్క మసకగా ఉండి దాని వెనక గడ్డి పరకలు పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. నాలుగోది ఫోన్‌తో తీసేవాళ్ల ఇళ్లలో రోజూ జరిగేది: ఫోటో అంతటా పాలపొర, దీపాల చుట్టూ వెలుగు ముద్ద. లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు అది. మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే చాలు.

మొదటి రెండూ షట్టర్ వేగంతో పోతాయి. మూడోది పోదు. స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ కొంటే కదిలే కుక్క కూడా స్పష్టంగా వస్తుందని చాలామంది నమ్ముతారు. స్టెబిలైజేషన్ సర్దేది మీ చేతి వణుకును మాత్రమే, కుక్కను అది ఆపలేదు.

ముందు ఫ్యానుతో

పెంపుడు జంతువు జోలికి వెళ్లే ముందు సీలింగ్ ఫ్యానును తీయండి. పగటిపూట, కిటికీలు తెరిచి, లైట్లు ఆర్పి, ఫ్యాను పూర్తి వేగంలో పెట్టండి. కెమెరాను షట్టర్ ప్రయారిటీలోకి (షట్టర్ వేగం మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునే పద్ధతి) మార్చండి. నికాన్, సోనీల్లో ఆ గుర్తు ఎస్ (S), కెనన్‌లో టీవీ (Tv). ఐఎస్ఓను ఆటోలో వదిలేయండి. ఫ్యాను కింద నిలబడి 1/30, 1/125, 1/500, 1/2000 వేగాల్లో ఒక్కోటి తీయండి. ఫోటోలు గరగరగా, చీకటిగా వచ్చినా ఫరవాలేదు, ఇవాళ చూసేది రెక్కల్ని.

1/30 దగ్గర రెక్కల ఆకారం ఉండదు, విసనకర్రల్లా పరుచుకున్న బూడిదరంగు మసక ఉంటుంది. 1/500 దగ్గర రెక్కలు విడిపోతాయి, కానీ మోటారు పక్కన స్పష్టంగా ఉన్న రెక్క చివరికి వెళ్లేసరికి చెదిరిపోతుంది. రెక్క మొదలూ చివరా తిరిగేది ఒకే ఫ్యానులో అయినా వేగాలు వేరు. మామూలు 1200 మి.మీ. ఫ్యాను నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. అంటే రెక్క కొస సెకనుకు దాదాపు 22 మీటర్లు పోతోంది. 1/1000 సెకనులో అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు జరుగుతుంది. మధ్యభాగం అదే వ్యవధిలో కొద్ది మిల్లీమీటర్లే కదులుతుంది. కుక్క పరిగెత్తేటప్పుడూ ఇదే వరస: ఒళ్లు నెమ్మది, కాళ్లూ చెవులూ తోకా వేగం. ఏ భాగం ఆగాలో దాన్నిబట్టే వేగం పెట్టాలి.

ఫోన్‌లో గానీ, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో సైలెంట్ షట్టర్ పెట్టి గానీ తీస్తే రెక్కలు వంకర తిరిగి కనిపించవచ్చు. సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాక వరస తర్వాత వరసగా చదవడం వల్ల వచ్చే వంకర అది. మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లు మెకానికల్ షట్టర్‌కు మార్చుకోండి.

ఎంత వేగం పెట్టాలి?

చేతి వణుకుకు పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: లెన్స్ ఎన్ని ఎంఎం ఉంటే షట్టర్ సెకనులో అన్నో వంతు. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సర్ కెమెరాల్లో ఆ అంకెను 1.5తో గుణించాలి. కిట్ లెన్స్‌ను (కెమెరాతోపాటు వచ్చేది) 55 దగ్గర పెడితే 82 అవుతుంది కాబట్టి 1/100. 200 దగ్గరైతే 1/320. ఇది కనీసం.

ఇక ఎదుటివాళ్ల కదలిక. నిద్రపోతున్న పిల్లికి 1/60 చాలు. నాలుక బయటపెట్టి రొప్పుతూ కూర్చున్న కుక్కకు 1/250 కావాలి, ఎందుకంటే రొప్పేటప్పుడు తల మొత్తం ఊగుతుంది. గింజలు ఏరుకునే కోళ్లకు 1/500. కోడి తల ముందుకు విసురుగా వెళ్లి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగిన క్షణం దొరికితే అంతకన్నా తక్కువైనా నడుస్తుంది. మీ వైపు పరిగెత్తుకొచ్చే కుక్కకు 1/1000, మీ ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయేదానికి 1/2000.

అడ్డంగా పోయేదానికి ఎందుకు ఎక్కువ? కుక్క సెకనుకు 5 మీటర్లు పరిగెడుతోంది అనుకోండి. 1/60లో అది 8 సెంటీమీటర్లు జరుగుతుంది. మీ ఫ్రేము రెండు మీటర్ల వెడల్పు, కెమెరా 6000 పిక్సెళ్లది అయితే ఆ 8 సెంటీమీటర్లు 250 పిక్సెళ్ల చారగా పడతాయి. 1/1000లో జరిగేది 5 మిల్లీమీటర్లు, 15 పిక్సెళ్లు. 1/2000లో ఏడెనిమిది. తిన్నగా మీ మీదికి వచ్చే కుక్క ఫ్రేములో పక్కకు జరగదు, కొద్దికొద్దిగా పెద్దదవుతుంది, అంతే.

రాత్రి హాల్లో ఎందుకు కుదరదు

ట్యూబులైటు వెలుతురు కంటికి బాగానే ఉంటుంది, కెమెరాకు చాలదు. లైట్లు బాగా ఉన్న హాల్లో కిట్ లెన్స్‌తో, 55 దగ్గర, ఎఫ్ 5.6లో, ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టర్ 1/30కి అటూ ఇటూగానే వస్తుంది. దాన్ని 1/250కి చేర్చాలంటే ఐఎస్ఓ 12800 దాకా పోవాలి, అప్పుడు కుక్క బొచ్చంతా రవ్వలాడుతుంది. అదే చోట 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే ఐఎస్ఓ 1600లోనే 1/250 పైన వస్తుంది. ఎఫ్ 1.8 నుంచి లోపలికి వచ్చే వెలుతురు 5.6 కంటే దాదాపు పది రెట్లు. అభిరుచిగా ఫోటోలు తీసేవాళ్లు కిట్ లెన్స్ తర్వాత కొనదగ్గ మొదటి లెన్స్ ఇదేనని మా అభిప్రాయం. పెద్ద జూమ్ తర్వాత చూసుకోవచ్చు.

కొనకుండా కుదిరే దారి ఇంకా మంచిది. కుక్కను వరండాలోకి పిలవండి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండ నేరుగా పడని వరండాలో ఐఎస్ఓ 800, ఎఫ్ 5.6 పెడితే 1/250 ఇట్టే వస్తుంది. లోపలే తీయాల్సి వస్తే గుమ్మం దగ్గర, దాని మొహం బయటి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. కళ్లలో ఆకాశం మెరుపు పడి ముఖానికి ప్రాణం వస్తుంది.

లోపలి లైట్లతో ఇంకో తంటా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని ట్యూబులు, ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. షట్టర్ 1/250 దాటితే ఒక ఫోటో పసుపుగా, పక్కది నీలంగా, మూడోదానిలో అడ్డంగా నల్లచారలుగా కనిపిస్తుంది. 1/100 లేదా 1/50 పెడితే పోతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడివాళ్లు 1/125 లేదా 1/60 పెట్టుకోవాలి. పరిగెత్తే పిల్లికి ఆ వేగం చాలదు. అంటే మళ్లీ వరండానే దిక్కు.

ఫ్లాష్ వద్దు. కుక్క, పిల్లి కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ పడగానే కళ్లు ఆకుపచ్చ గోళీల్లా వెలుగుతాయి.

ఫోన్‌వాళ్లకు రెండు మాటలు. చీకటి పడగానే ఫోన్ తనంతట తానే నైట్ మోడ్‌లోకి పోయి, వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. కుక్కకు రెండు తోకలు వచ్చేది అప్పుడే, దాన్ని ఆపేయండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/250 పెట్టి ఐఎస్ఓ ఆటోలో వదలండి. ఐఫోన్ సొంత కెమెరాలో షట్టర్ వేగం మార్చే వీల్లేదు, విడిగా యాప్ వేసుకోవాలి. వెలుతురు తక్కువున్నప్పుడు 3ఎక్స్ నొక్కినా చాలా ఫోన్లు మామూలు లెన్స్ బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. కాబట్టి జూమ్ చేయకుండా నాలుగడుగులు ముందుకు నడవండి.

కన్నా, ముక్కా?

షట్టర్ సరిపోయినా కుక్క మొహం మసకగానే ఉందా? ముక్కు చూడండి. 50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరంలో ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు దాదాపు మూడు సెంటీమీటర్లే. నాటు కుక్క ముక్కుకూ కంటికీ మధ్య దూరం అంతకన్నా చాలా ఎక్కువ. కెమెరా తనకు దగ్గరగా ఉన్న ముక్కును పట్టుకుంటుంది, కన్ను పోతుంది. ఎఫ్ 4కి వెళితే లోతు రెట్టింపు పైన వస్తుంది. ఆటోఫోకస్‌ను కంటిన్యుయస్‌లో (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే పద్ధతి) పెట్టండి. కొత్త కెమెరాల్లో కంటి ఫోకస్ ఉంటే మెనూలో మనిషి నుంచి జంతువుకు మార్చండి, చాలామంది ఈ ఒక్కటీ మర్చిపోతారు. నల్ల కుక్కైతే నల్లటి బొచ్చు మీద ఫోకస్ వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంది. కంటిలోని మెరుపు మీద పెట్టండి, కుదరకపోతే అదే దూరంలో ఉన్న మెడ పట్టీ అంచు మీద.

నిలబడి పైనుంచి తీయకండి. గచ్చు మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. కెమెరా దాని కంటి ఎత్తుకు వస్తుంది, చేతి వణుకూ తగ్గుతుంది. చిటిక వేసినా, విజిల్ వేసినా మొదటిసారే చెవులు నిక్కుతాయి, మూడోసారికి అది మిమ్మల్ని పట్టించుకోదు. అన్నీ సిద్ధం చేసుకున్నాకే శబ్దం చేయండి.

రైలు కిటికీలోంచి

విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో ఈ పాఠం మొత్తం ఒక్క పూటలో పరీక్షకు వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రైలు 1/1000 సెకనుకు సుమారు 1.7 సెంటీమీటర్లు పోతుంది. పట్టాల పక్క స్తంభం, తుప్ప ఏ వేగంలోనైనా చెదురుతాయి, వాటి జోలికి పోవద్దు. దూరంగా ఉన్న లోయ, కొండ 1/500లో కూడా నిలబడతాయి. మలుపు తిరిగేటప్పుడు మీ రైలు ముందు పెట్టెలే ఫ్రేములోకి వస్తాయి. అవీ మీతోపాటే పోతున్నాయి కాబట్టి స్పష్టంగా దొరుకుతాయి.

సొరంగాలు ఎక్కువ. కెమెరా పూర్తి ఆటోలో ఉంటే చీకట్లో షట్టర్ 1/15కి పడిపోతుంది, బయటికి రాగానే మీరు నొక్కేసరికి అది ఇంకా తేరుకోదు. షట్టర్ 1/1000 దగ్గర బిగించి, ఐఎస్ఓను ఆటోలో, గరిష్ఠం 6400గా పెట్టి వదిలేయండి. తెర మీద ఎపర్చర్ అంకె మిణుకుమిణుకుమంటే వెలుతురు చాలడం లేదని అర్థం, అప్పుడు 1/500కి దిగండి.

విస్టాడోమ్ (పెద్ద అద్దాల) పెట్టెలో, ఏసీ బోగీల్లో అద్దంలో మీ చొక్కా, ఎదుటి సీటు ప్రతిబింబిస్తాయి. లెన్స్‌ను అద్దానికి వేలెడంత దూరంలో ఉంచి, చుట్టూ నల్లటి గుడ్డో చున్నీనో కప్పండి. లెన్స్‌ను అద్దానికి ఆనిస్తే రైలు అదురు మొత్తం ఫోటోలోకి ఎక్కుతుంది. మోచేతులు కూడా కిటికీ చట్రం మీద పెట్టకండి. గోదావరి మీద లాంచీలోనూ అంతే, ఇంజను అదురు రెయిలింగు గుండా వస్తుంది. ఇక తలుపు దగ్గర, మెట్ల మీద నిలబడి తీయడం ఈ పాఠంలో లేదు, రాబోయే పాఠాల్లోనూ ఉండదు.

కావాలని చెదరగొట్టడం

వీధిలో పోయే స్కూటరు పక్కనున్న ఇళ్లన్నీ చారలుగా, స్కూటరు ఒక్కటే స్పష్టంగా రావాలంటే షట్టర్ 1/30. పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ బండిని ఫ్రేములో ఒకే చోట నిలపండి. నొక్కాక కూడా తిప్పుతూనే ఉండండి, నొక్కగానే ఆగిపోవడమే ఇందులో మొదటి పొరపాటు. 1/60తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక కిందికి దిగండి. పదింటిలో ఒకటి బాగా వస్తే మంచి లెక్కే.

జలపాతం నీళ్లు పట్టుదారంలా రావడానికి అర సెకను కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 పెట్టినా షట్టర్ 1/100 దగ్గరే ఆగుతుంది. 64 రెట్లు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే అర సెకను దాటుతుంది. ఫిల్టర్ లేకపోతే నీడ పడేదాకా ఆగండి. కెమెరాను బండ మీద పెట్టి 2 సెకన్ల టైమర్‌తో తీయండి, బటన్ నొక్కిన అదురు కూడా ఉండదు.

ఈ వారం అభ్యాసం

ఫ్యాను నాలుగు ఫోటోలు. కూర్చున్న జంతువును 1/60, 1/250లలో, పరిగెత్తేదాన్ని 1/250, 1/1000లలో. ఇంట్లో జంతువు లేకపోతే వీధి కుక్కలు, పావురాలు, సైకిలు తొక్కే పిల్లలు సరిపోతారు. పిల్లల్ని తీసే ముందు పెద్దవాళ్లనడగండి. మసకగా వచ్చినవి చెరిపేయకండి. ఒక్కోదాన్ని జూమ్ చేసి పక్కన చెయ్యి, కదలిక, ఫోకస్, జిడ్డు – ఏదో ఒకటి రాయండి. తేలనివి విడిగా ఉంచండి. వచ్చే పాఠంలో తెల్ల పిల్లి బూడిదరంగులో, నల్ల గేదె వెలిసిపోయి ఎందుకు వస్తాయో చూస్తాం, దానికీ ఇవే ఫోటోలు కావాలి.