దొరికితే దొంగ, దొరక్కపోతే దొర: ఒక పాత సినిమా చూసే పద్ధతి

బర్కత్‌పురాలో మా ఇంట్లో శనివారం రాత్రి పాత సినిమా వేస్తాను. దొర వేషంలో తిరిగే దొంగ కథలంటే నాకు పిచ్చి. ముప్పై ఏళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, మొహం కన్నా ముందు చేతులు చూస్తాను. ఈ సినిమాలకి కావాల్సిందీ అదే.

కొత్తవాళ్లు 1932లో ఎర్న్‌స్ట్ లుబిచ్ తీసిన ‘ట్రబుల్ ఇన్ ప్యారడైజ్’తో మొదలుపెట్టండి. గంటా ఇరవై నిమిషాల పైచిలుకు, అంతే.

ముందు టీవీ సంగతి. ఆనాటి బొమ్మ దాదాపు చతురస్రం. పక్కన నల్లగా ఖాళీ ఉంటే ఉండనివ్వండి. మా మేనల్లుడు స్క్రీన్ నిండాలని సాగదీస్తే హీరో పెళ్లిభోజనం చేసొచ్చినవాడిలా తేలాడు. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మాటలు జోరుగా ఉంటాయి. మిర్చి బజ్జీలు ముందే తినేయాలి. ప్లేటు వైపు చూశారంటే అసలు సీను పోతుంది.

ఆ సీను వెనిస్ హోటల్లో భోజనం. హీరో బారన్‌నంటాడు, ఎదురుగా కూర్చున్నామె కౌంటెస్‌నంటుంది, రెండూ యూరప్ దొరల బిరుదులే. ఇద్దరూ దొంగలే. మర్యాద ఎక్కువైనప్పుడల్లా చేతులెక్కడున్నాయో చూడండి. పర్సు బయటపడగానే పాజ్ నొక్కి, ఇంకా ఏమేం పోయాయో తలా ఒకటి చెప్పమనండి. ఆమె అతని వాచీ కొట్టేసి, ఐదు నిమిషాలు వెనకుందని సరిచేసి మరీ తిరిగిస్తుంది! ఎప్పుడు తీసిందా అని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా చూపించలేదు లుబిచ్ మహానుభావుడు. లెక్క తేలని సాయంత్రం కౌంటర్లో కూర్చున్నట్టే అయింది నా పని. హీరో కొట్టేసిన చివరి వస్తువు మా ఇంట్లో ఎవరికీ అందలేదు, నేనూ చెప్పను.

తర్వాత ఒకచోట తెరమీద గడియారమే ఉంటుంది, మాటలు మాత్రం వినిపిస్తాయి. ముందుకి జరపకండి, కథ అక్కడే నడుస్తోంది.

హీరో హెర్బర్ట్ మార్షల్‌కి మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు పోయింది. పెట్టుడు కాలితోనే ఆ దర్జా. ఇది సినిమా అయ్యాకే చెప్పండి, లేకపోతే అందరూ కాళ్లే చూస్తారు.

1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సార్ నియమాలు బిగిశాయి. మరుసటి ఏడాది దీని మళ్లీ విడుదలకి అనుమతి రాలేదు. ఎందుకో ఆఖరి సీను చూస్తే మీకే తెలుస్తుంది.

వచ్చే శనివారం 1932లోనే వచ్చిన ‘ఆర్సెన్ లుపిన్’. జాన్, లయొనెల్ బారీమోర్ అన్నదమ్ములు, ఒకరు దొంగ, ఒకరు పోలీసు. రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.