రిటైరయ్యాక మన బట్టలు మనమే కుట్టుకుంటే: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ప్రభుత్వోద్యోగులకు రిటైర్మెంటు ఆంధ్రప్రదేశ్‌లో 62కి, తెలంగాణలో 61కి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కుట్టు మిషన్ మీద గుడ్డ తీసి, నూనె వేసి, మళ్లీ కూర్చునే ఆడవాళ్లు ఆ వయసులో చాలామంది కనిపిస్తారు. కొత్తవాళ్లేం కాదు, పిల్లల గౌన్లు, సొంత జాకెట్లు కుట్టుకున్నవాళ్లే. అయినా ఈసారి కుట్టినవి రెండుసార్లు వేసుకుని బీరువాలో పెట్టేస్తుంటారు. నేను చూసినంతలో కుట్టులో తప్పు తక్కువ. ఏ రోజుకి, ఏ ఒంటికి కుడుతున్నామో తేల్చుకోకుండా కత్తెర పట్టడమే ఎక్కువ. కింద చెప్పినవాటిలో మీకు ఏది ఎదురైందో అక్కడికే వెళ్లండి. మొదటిది మాత్రం దాటేయకండి.

సమస్య: బీరువా నిండా ఉన్నాయి, కట్టుకోవడానికి ఒక్కటీ లేదు

ఉన్నవన్నీ ఉద్యోగం నాటివి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాటన్ చీరలు, మీటింగులకు కట్టిన సిల్కులు, పెళ్లిళ్ల పట్టుచీరలు. ఇప్పుడు రోజు గడిచే తీరు వేరు. పొద్దున వాకింగ్, తర్వాత రైతు బజార్, మనవడిని స్కూలు బస్సు ఎక్కించడం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం, సాయంత్రం గుడి. నైటీకీ పట్టుచీరకీ మధ్య వేసుకోవడానికి ఏమీ లేకపోవడమే అసలు చిక్కు. కాలింగ్ బెల్ మోగగానే నైటీ మీదికి చున్నీ వెతుక్కోవడం తెలియనిది ఎవరికి?

గోడ మీద క్యాలెండర్ గడుల్లో ఒక వారం రాసి చూడండి: ఎక్కడికి వెళ్లారు, ఏం వేసుకున్నారు, ఏది ఉండి ఉంటే హాయిగా ఉండేది. ఆ మూడోదే మీ కుట్టుపని జాబితా. చాలామందికి అది ఇంచుమించు ఇలా తేలుతుంది: బయటికి వేసుకునే కుర్తీలు ఐదు, వాటన్నిటికీ కుదిరే రెండు రంగుల్లో ప్యాంట్లు మూడు, తలుపు తీయడానికి మొహమాటపడక్కర్లేని ఇంటి జతలు రెండు, కొత్త కొలతతో జాకెట్లు రెండు. ఇంతే. యోగా క్లాసులో చేరతాం, కాశీ వెళ్తాం అని ముందే కుట్టినవి అలాగే ఉండిపోతాయి. చేరిన తర్వాత కుట్టుకోవచ్చు, ఎటూ మిషన్ ఇంట్లోనే ఉంది.

"ఈ వయసులో డ్రెస్సులేంటి" అనే ఆడపడుచు ఒకరు ఉంటారు. ఆవిడకీ ఒకటి కుట్టివ్వండి.

సమస్య: ఆది జాకెట్టు పెట్టి కత్తిరించినా సరిపోవడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆది జాకెట్టు చెప్పేది పదేళ్ల కిందటి ఒంటి సంగతి. నెలసరి ఆగిపోయాక ఒళ్లు నడుం దగ్గర, పొట్ట దగ్గర చేరుతుంది. ఏళ్ల తరబడి పేపర్లు దిద్దినవాళ్లకి, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి వీపు పైభాగం కొద్దిగా గుండ్రమవుతుంది, భుజాలు ముందుకు వంగుతాయి. ఛాతీ కూడా కిందికి దిగుతుంది. మొత్తం చుట్టుకొలత అదే ఉన్నా, అది పంచుకున్న చోట్లు మారిపోయాయి. అందుకే పక్కల్లో కుట్లు విప్పి వదులు చేసినా పని జరగదు.

అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి చూడండి, బట్టే చెబుతుంది.

కుర్తీ వెనక్కి జారి ముందు మెడ గొంతుకి ఒరుసుకుంటోంది, వెనక అంచు పైకి లేస్తోంది అంటే వీపు పొడవు చాలలేదు. వెనక ముక్క కాగితం నమూనాని చంక మధ్య ఎత్తులో అడ్డంగా కత్తిరించండి. చంక దగ్గర మాత్రం తెగనివ్వకండి. నడిమధ్యలో అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా తెరిచి, కింద ఇంకో కాగితం అతికించండి. వీపు మధ్యలో మాత్రమే పొడవు పెరుగుతుంది, చంక కొలత మారదు.

భుజం కుట్టు భుజం మీద కాకుండా వెనక్కి పోయి కనిపిస్తే, ముందు ముక్క భుజం దగ్గర అర అంగుళం తగ్గించి వెనక ముక్కకి అదే అర అంగుళం కలపండి. కుట్టు ముందుకొస్తుంది. ముందు అంచు పైకి లేచి పొట్ట దగ్గర కుర్తీ పొట్టిగా కనిపిస్తే, ముందు ముక్క కింది అంచుని మధ్యలో ఒక అంగుళం దింపి, పక్క కుట్ల దగ్గరికి వచ్చేసరికి సున్నాకి తెచ్చేయండి. జాకెట్టులో టక్కుల (ఛాతీ ఆకారం కోసం వేసే మడత కుట్ల) మొన ఛాతీకి పైన ఆగిపోతుంటే కొత్త కొలత ప్రకారం మొన దింపండి. ఒక్క ఆ మార్పుతోనే సగం ముడతలు పోతాయి.

కొలతలు ఇంకొకరి చేత తీయించుకోండి. రోజూ వేసుకునే బ్రా మీదే, మామూలుగా నిలబడే తీరులోనే. టేపు చూడగానే పొట్ట లోపలికి లాక్కోవడం అందరికీ అలవాటు, ఆ రెండు అంగుళాలు తర్వాత కుర్తీలో కనిపిస్తాయి. మొదటిది పాత దుప్పటి గుడ్డతో నడుం దాకా మాత్రమే కుట్టి చూడండి. అది కుదిరాక ఆ కాగితం నమూనా మీద తేదీ రాసి దాచుకోండి. పాత ఆది జాకెట్టు ఎవరికైనా ఇచ్చేయండి, కళ్ల ముందుంటే మళ్లీ దాని మీదికే చెయ్యి పోతుంది.

సమస్య: చెయ్యి ఎత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తోంది, వేసుకోవడమే కష్టంగా ఉంది

ఇవి రెండు వేర్వేరు సమస్యలు, మందు ఒకటే అనుకుంటారు. చెయ్యి ఎత్తడానికి ఇబ్బంది అనగానే చంక ఇంకా కిందికి దింపేస్తారు. దాంతో ఇంకా పాడవుతుంది. చంక ఎంత దిగితే చెయ్యి ఎత్తినప్పుడు పక్క గుడ్డ అంతగా లాగుతుంది. చంకని ఒంటికి దగ్గరగానే ఉంచి, చేతి ముక్కని కండ దగ్గర వెడల్పు చేయండి. ఇంకా చాలకపోతే చంక కింద మూడంగుళాల నలుచదరపు ముక్క మూలగా పెట్టి కుట్టండి. మగవాళ్ల పాత లాల్చీల్లో ఉండేది అదే.

భుజం పట్టేసినవాళ్లకి సమస్య వేసుకోవడంలోనే ఉంటుంది. తల మీదుగా వేసుకునేది, వెనక హుక్కులున్నది, రెండూ వద్దు. ముందు పై నుంచి కింది దాకా తెరుచుకునేలా కుట్టుకుని, ముందు నొప్పి ఉన్న చెయ్యి తొడిగి తర్వాత రెండోది తొడగండి. వేళ్ల కీళ్లు నొప్పులైతే చిన్న హుక్కులు మానేసి ముప్పావు అంగుళం బొత్తాలు పెట్టండి, కాజా కొంచెం వదులుగా ఉండాలి. అయస్కాంతం బొత్తాలు సుఖమే కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు.

సమస్య: ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమటలు, బట్ట అంటుకుపోతోంది

పైగుడ్డ కాటనే అయినా లోపల లైనింగ్ పాలిస్టర్ అయి ఉంటుంది. షాపులో కాటన్ అన్నదే పాలిస్టర్ కలిసినది కావచ్చు. ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కాలిన కొస చల్లారేదాకా ముట్టుకోకండి.

మంగళగిరి కాటన్, పొందూరు ఖద్దరు, పెడన కలంకారీ అద్దిన కాటన్, ఏదైనా సరే. లైనింగ్ తప్పదనుకుంటే పల్చటి మల్ గుడ్డ వేయండి. మెడ దగ్గర పట్టీలు, కాలర్లు వద్దు.

సమస్య: ఒక్క ఉతుకుకే పొట్టిదైపోయింది

తడపకుండా కత్తిరించారు. కొత్త చేనేత కాటన్ 5 శాతం దాకా కుంచించుకోవచ్చు. 44 అంగుళాల కుర్తీలో అది రెండు అంగుళాల పైమాటే. కొనుక్కొచ్చిన రోజే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. లైనింగ్ గుడ్డ కూడా. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు కానీ పోయే రంగు ఉప్పుకి ఆగదు. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా వేసుకోవడమే మార్గం.

సమస్య: పాత చీరతో కుట్టినది నెలకే చిరిగింది

చీర చూడటానికి బాగానే ఉంటుంది, మడతల దగ్గర దారం చచ్చి ఉంటుంది. పట్టు అయితే మరీను, అందులో జరీ పక్కన. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే మడత గీతలు పల్చగా కనిపిస్తాయి. అక్కడ రెండు బొటనవేళ్లతో పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి గట్టిగా లాగండి. చిరచిరమని చప్పుడు వస్తే ఆ భాగం కుర్తీకి పనికిరాదు.

బాగున్న కాటన్ చీర ఐదున్నర మీటర్లలో అంచు కిందికి వచ్చేలా అడ్డంగా కత్తిరిస్తే మామూలు కొలతకి రెండు కుర్తీలు వచ్చి, పమిట చెంగు మిగులుతుంది. కుర్తీ పొడవు చీర పన్నాని మించదని గుర్తుంచుకోండి. అంతకన్నా పొడవు కావాలంటే పైన యోక్ (భుజాల దగ్గర వేసే విడి ముక్క) అతకాలి. చంక, పక్క కుట్ల దగ్గర లోపల పాత మల్ ముక్క వేసి కుడితే ఇంకో రెండేళ్లు లాగుతుంది.

సమస్య: జేబు వేలాడిపోయి కుర్తీ ఒక పక్కకి లాగుతోంది

పర్సు రొంటిన దోపుకునే రోజులు పోయాయి, ఇప్పుడు ఫోను, కళ్లజోడు, తాళాలు మోయాలి. పల్చటి కాటన్ పక్క కుట్టు ఆ బరువు ఆపలేదు. జేబు మూతి వెనక నాడా పట్టీ వేసి, మూతికి రెండు కొసల్లో మళ్లీ మళ్లీ కుట్టి బిగించండి. ఫోను ఒక జేబులో, మిగతావి రెండో జేబులో. ఒక్క జేబే పెట్టే పొదుపు వద్దు.

సమస్య: పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తే ఈ కాటన్లు ఒక్కటీ పనికిరాలేదు

పనికొస్తాయి, విడిగా వేసుకుంటే చాలవు. అక్కడ చలికాలం ఇంట్లో హీటర్, గడప దాటితే మంచు. ఒక్క మందపాటి బట్టతో రెండు చోట్లా కుదరదు. కాటన్ కుర్తీ మీదికి చేతుల్లేని బొంత జాకెట్ ఒకటి కుట్టుకోండి: రెండు పొరలు పాత కాటన్ చీర, మధ్యలో ఒక పొర ఫ్లానెల్, బొంతకి వేసినట్టే చేత్తో వరస కుట్లు. ఇంట్లో విప్పేయొచ్చు, బయట కోటు కింద వేసుకోవచ్చు. కోటు కింద వేసుకునే కుర్తీలకి చేతులు సన్నగా, పొడవు మోకాలి దాకానే ఉండాలి. పలాజోలు ఇక్కడే వదిలి వెళ్లండి, అంచులు మంచులో తడిసి పాదాలకి చుట్టుకుంటాయి.

సమస్య: సగం కుట్టినవి కుప్ప పడుతున్నాయి

గుడ్డ చూసి కొంటున్నారు, జాబితా చూసి కాదు. ఎగ్జిబిషన్‌కి వెళ్లేటప్పుడు క్యాలెండర్ జాబితా వెంట ఉండాలి. ఒకే నమూనాతో మూడు కుర్తీలు ఒకే రోజు కత్తిరించి, వరసగా ముందు భుజాలన్నీ, తర్వాత మెడలన్నీ కుట్టండి. మెడ తీరు, చేతి పొడవు మారిస్తే ఒకే నమూనా అని ఎవరూ పట్టలేరు. లేత రంగులన్నిటికీ ఒకే బూడిదరంగు దారం సరిపోతుంది, బాబిన్ మార్చే పని తప్పుతుంది. సూది మాత్రం గుడ్డని బట్టి మార్చాల్సిందే. మల్ లాంటి పల్చటివాటికి 11, మామూలు కాటన్‌కి 14. పల్చటి గుడ్డ మీద 16 సూదితో కుట్టి, ముడతలొస్తున్నాయని మిషన్‌ని తిట్టుకోవడం మామూలే.

నల్ల గుడ్డ మీద నల్ల దారంతో పని పగటి వెలుతురు ఉన్నప్పుడే. సూదిలో దారం ఎక్కడం లేదంటే సూది వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. అప్పటికీ కష్టమైతే కళ్లద్దాల నంబరు చూపించుకుని రండి.